అట్ట ముక్కలతో తేలే విమానం: గీత గీసిన దగ్గర్నుంచి గాలికి వదిలేదాకా

నోటుబుక్కులో కాగితం చింపి, నాలుగు మడతలు పెట్టి, వెనక బెంచీ నుంచి విసిరే బాణం అందరికీ వచ్చు. చేతి ఊపు ఉన్నంతసేపు పోతుంది, ఊపు తగ్గగానే ముక్కు నేలకేస్తుంది. ఇక్కడ చేయబోయేది ఇంకో రకం. రెక్క, మొండెం, తోక విడివిడిగా కత్తిరించి అతికించేది. భుజం ఎత్తు నుంచి మెల్లగా నెట్టి వదిలితే తనంతట తనే గాలి మీద జారుకుంటూ పోతుంది.

మడిచే విమానాన్ని తక్కువ చేయడానికేం లేదు. జపాన్‌కు చెందిన టకువో టోడా 2010లో మడిచిన కాగితాన్నే 29.2 సెకన్లు గాలిలో నిలబెట్టాడు. కాకపోతే అందులో బరువు ఎక్కడ పడాలో మడతలే తేల్చేస్తాయి. ముక్కలు కోసి చేసేదాంట్లో అది మన చేతిలో ఉంటుంది. ముక్కు దగ్గర నాలుగు పొరలు ఎక్కువ వేయొచ్చు, తోకను పలచగా ఉంచొచ్చు, రెక్కను ఒక సెంటీమీటరు వెనక్కి జరపొచ్చు. 1967లో అమెరికాలో సైంటిఫిక్ అమెరికన్ పత్రిక పెట్టిన కాగితం విమానాల పోటీలో జపాన్ ఇంజనీరు యసుయాకి నినోమియా ఇలా కోసి అతికించిన విమానంతోనే బహుమతి కొట్టాడు.

పని మొత్తం రెండు పూటలది. ఒక పూట కోత, అతుకు. రాత్రంతా బరువు కింద ఆరబెట్టాలి. రెండో పూట తూకం, ఎగరేయడం. ఒక్క పూటలో కానిచ్చేద్దామనుకుంటే జిగురు పచ్చిగా ఉండగానే రెక్క ఒంకర తిరుగుతుంది.

సరుకులు

విజిటింగ్ కార్డులు వేసే ప్రింటింగ్ ప్రెస్సులో ఐవరీ షీటు అడగండి. 200 జీఎస్ఎం చాలు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. మామూలు జిరాక్స్ కాగితం 70, 80 మధ్య ఉంటుంది. దాంతో రెక్క చేస్తే గాలికి పైకి మడిచుకుపోతుంది. 300 దాటితే బరువెక్కుతుంది. ఏ4 సైజు, అంటే 21 సెంటీమీటర్లకు 29.7, ఒక్క షీటులో మొత్తం విమానం వస్తుంది. పాడైతే ఉంటుందని రెండు తెచ్చుకోండి.

ఇంట్లో అటక మీద పాత శుభలేఖలు కట్టలు కట్టలుగా ఉంటాయి కదా, వాటితో కాదా అని పిల్లలు అడుగుతారు. ముక్కు దగ్గర బరువు పొరలకు బ్రహ్మాండంగా పనికొస్తాయి. రెక్కకు మాత్రం వద్దు. పైన మెరుపు పూత ఉన్నచోట ఫెవికాల్ పట్టదు, వినాయకుడి బొమ్మ ఉబ్బెత్తుగా ఉన్నచోట అట్ట చదునుగా ఉండదు. పొరలకు వాడేటప్పుడు కూడా పూత లేని వైపే జిగురు రాయాలి.

ఇవి కాక ఫెవికాల్, స్టీలు స్కేలు, కట్టర్, కత్తెర, పెన్సిలు, ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను రీఫిల్లు, రెండు మూడు జెమ్ క్లిప్పులు, కొంచెం సెలోటేపు. ఖాళీ రీఫిల్లును పారేయొద్దు, మడత గీతలకు దాన్ని మించింది లేదు. కట్టర్ పెద్దవాళ్ల చేతిలో ఉండాలి. పదేళ్ల లోపు పిల్లలకు కత్తెర చాలు.

ముందు నార చూసుకోండి

చాలామంది వదిలేసేది ఇదే. కాగితం మిల్లులో తయారయ్యేటప్పుడు అందులోని పీచు ఎక్కువభాగం ఒకే దిక్కుకు పడుకుంటుంది. ఆ దిక్కున కాగితం బిరుసుగా ఉంటుంది, దానికి అడ్డంగా మెత్తగా వంగుతుంది. షీటును రెండు చేతుల్లో పట్టుకుని, ముందు పొడవు వైపు, తర్వాత వెడల్పు వైపు మెల్లగా గొట్టంలా వంచి చూడండి. ఏ గొట్టం సులువుగా చుట్టుకుందో దాని పొడవు దిక్కే నార దిక్కు. ఇంకా అనుమానముంటే ఓ మూల కొంచెం చింపండి. నార వెంట చింపితే చిరుగు తిన్నగా పోతుంది, అడ్డంగా చింపితే వంకరలు పోతుంది.

రెక్క ఒక కొస నుంచి ఇంకో కొసకు ఉన్న పొడవు నార దిక్కునే ఉండాలి. మొండెం పొడవు కూడా అంతే. కాబట్టి అన్ని ముక్కలనూ నార వెంట ఒకే వరుసలో గీసుకోవాలి. నార అడ్డం పడిన రెక్క బల్ల మీద చూస్తే బాగానే ఉంటుంది, గట్టిగా విసిరినప్పుడు మధ్యలో విరిగినట్టు పైకి లేస్తుంది.

ముక్కలు, కొలతలు

మొండెం పొడవు 18 సెంటీమీటర్లు. పై అంచు తిన్నగా ఒకే గీత. ముక్కు నుంచి మొదటి 5 సెంటీమీటర్ల దాకా ఎత్తు 1.8 సెంటీమీటర్లు, ముక్కు మూలలు గుండ్రంగా. అక్కణ్ణుంచి కింది అంచు వాలుగా పైకి పోయి, 15వ సెంటీమీటరు దగ్గర ఎత్తు 0.8కి తగ్గాలి. చివరి 3 సెంటీమీటర్లు కింది అంచు పై అంచుకు సమాంతరంగా ఉండాలి. ఈ చివరి ముక్క సమాంతరంగా లేకపోతే తోక ఏటవాలుగా కూర్చుంటుంది, ఇక ఆ విమానాన్ని దారికి తేవడం కష్టం.

ఇలాంటివి మూడు కావాలి. మధ్యలో వచ్చేదానికి వెనక 3 సెంటీమీటర్ల మేర పైకి నిలువు తోక కలిపి గీయండి. దాని ఎత్తు 2.5 సెంటీమీటర్లు, పై అంచు 2 సెంటీమీటర్లు. పక్కన వచ్చే రెండింటికీ నిలువు తోక అక్కర్లేదు, వాటికి చెవులు, అంటే మడిచి అతికించే పట్టీలు కావాలి. ముక్కు నుంచి 5వ సెంటీమీటరు మొదలుకుని 9 దాకా పై అంచున 6 మిల్లీమీటర్ల వెడల్పు చెవి రెక్క కోసం. వెనక 15.5 నుంచి 18 దాకా కింది అంచున అంతే వెడల్పు చెవి అడ్డ తోక కోసం. రెండు పక్క ముక్కల్లో ఒకటి కుడికి, ఒకటి ఎడమకు, కాబట్టి చెవులు ఎదురెదురుగా బయటికి మడవాలి.

రెక్క ఒకే ముక్క. పొడవు 20 సెంటీమీటర్లు, మధ్యలో వెడల్పు 4, కొసల దగ్గర 2.8. వెడల్పు తగ్గించేది వెనక అంచు నుంచే, ముందు అంచు తిన్నగా ఉంటే అతికించేటప్పుడు స్కేలు పెట్టి చూసుకోవడం సులువు. కొసల మూలలు కొంచెం గుండ్రం చేయండి, నేలకు తగిలినప్పుడు మూల మడిచిపోకుండా. రెక్క అడుగున మధ్యలో అతికించడానికి 8 సెంటీమీటర్లకు 3 దన్ను ముక్క ఒకటి.

అడ్డ తోక 7 సెంటీమీటర్లకు 2.5. ముక్కు పొరలు నాలుగు, మొండెం ముందుభాగం ఆకారంలోనే, 4.5 సెంటీమీటర్ల పొడవు.

కోసేముందు అన్ని ముక్కల మధ్యగీతలూ పెన్సిలుతో పలచగా గీసుకోండి. రెక్కకు, దన్ను ముక్కకు, అడ్డ తోకకు మధ్యగీత లేకపోతే ఎటు ఒక మిల్లీమీటరు జరిగిందో తర్వాత కంటికి ఆనదు, గాలికి మాత్రం తెలుస్తుంది.

మడత, అతుకు

చెవుల దగ్గర మడత గీతను స్కేలు ఆనించి ఖాళీ రీఫిల్లుతో గట్టిగా ఒక్కసారి గీయండి. అట్ట తెగకూడదు, గాడి పడాలి. గాడి పడ్డాక చెవి వేలితో నెడితే తిన్నగా మడుస్తుంది. గాడి లేకుండా 200 జీఎస్ఎం అట్టను మడిస్తే మడత చిట్లి, పీచు లేస్తుంది.

ఫెవికాల్‌లో నీళ్లుంటాయి. దట్టంగా పూస్తే అట్ట ఆ నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరేటప్పుడు ఒకవైపు ముడుచుకుంటుంది. ఒక చుక్క వేసి, పనికిరాని అట్టముక్క అంచుతో పలచగా, తడి మెరుపు కనపడీ కనపడనట్టు లాగాలి. మధ్య ముక్కకు రెండువైపులా పక్క ముక్కలు పెట్టి, పై అంచులు మూడూ సమం చేసి, చెవులకు, నిలువు తోకకు జిగురు అంటకుండా చూసుకోండి. చెవులు బయటికే ఉండేలా రెండు పాలిథిన్ కవర్ల మధ్య పెట్టి, పైన లావాటి పుస్తకాలు పేర్చండి. ముక్కు పొరలు రెండువైపులా రెండేసి ఇప్పుడే అతికించొచ్చు.

రాత్రంతా అలా వదిలేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన నెల్లూరు, ఒంగోలు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు, గాల్లో చెమ్మ. ఆ నెలల్లో ఇంకో పూట ఎక్కువ ఉంచినా తప్పులేదు. ఎండలో పెడితే త్వరగా ఆరుతుందని డాబా మీద పెట్టకండి. ఒకవైపు ముందుగా ఆరి విల్లులా వంగుతుంది.

రెక్కకు రెండు వంపులు

మొదటిది ముందునుంచి చూస్తే కనిపించేది. రెక్క కొసలు రెండూ మధ్యకంటే 1.7 సెంటీమీటర్లు ఎత్తులో ఉండాలి. విమానం ఒక పక్కకు ఒరిగిందంటే ఆ పక్కకే జారడం మొదలుపెడుతుంది. అప్పుడు కిందికి దిగిన రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగిలి, అది ఎక్కువ బలంతో పైకి లేస్తుంది. అంటే ఒరిగినదాన్ని ఆ ఎత్తే సరిచేస్తుంది. చదును రెక్కతో ఒకసారి ఒరిగితే ఒరుగుతూనే పోతుంది.

మధ్యగీత మీద రీఫిల్లుతో గాడి వేసి, రెక్కను మెల్లగా పైకి మడవండి. దన్ను ముక్కకూ అదే గాడి. రెక్క అడుగున జిగురు రాసి దన్ను ముక్క పెట్టి, కొసల కింద అగ్గిపెట్టెలో, సబ్బు పెట్టెలో ఎత్తు సరిపోయేవి ఏవైనా పెట్టి, మధ్యలో స్కేలు బరువుంచి ఆరనివ్వండి. ఆ మడత కోణాన్ని పట్టి ఉంచేది దన్ను ముక్కే. రెండు కొసల ఎత్తూ స్కేలుతో కొలవండి, కంటిచూపును నమ్మొద్దు.

రెండో వంపు పక్కనుంచి చూస్తే కనిపించేది. రెక్క ముందు నుంచి వెనక్కి కొంచెం గొడుగులా పైకి ఉబ్బి ఉండాలి. ఉబ్బు ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటరు, రెండుకు మించకూడదు. ముందు అంచు నుంచి మూడో వంతు దగ్గర ఎక్కువ ఉండాలి. రెక్క కింద గుండ్రటి పెన్నుపెట్టి బొటనవేలితో మధ్య నుంచి కొసదాకా నిమురుకుంటూ పోతే వస్తుంది. నార రెక్క పొడవునా ఉంది కాబట్టి ఈ వంపు సులువుగా తిరుగుతుంది. రెండువైపులా ఒకే లెక్కన నిమరాలి.

కూర్చడం

మొండెం పైచెవులను అడ్డంగా కాక రెక్క వాలుకు తగ్గట్టు కొంచెం పైకి మడిచి, జిగురు రాసి, రెక్క మధ్యగీత మొండెం మధ్యలో పడేలా కూర్చోబెట్టండి. ముందు అంచు కచ్చితంగా ముక్కు నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర. ముక్కు నుంచి రెండు కొసలకూ దారం పెట్టి కొలవండి, రెండు కొలతలూ ఒకటే రావాలి. అడ్డ తోక కింది చెవులకు అంటుతుంది, దాని వెనక అంచు మొండెం చివరకు సమంగా.

ఇప్పుడు విమానాన్ని చేయి చాచి ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి ముక్కు వైపు నుంచి చూడండి. నిలువు తోక గోడలా నిటారుగా, అడ్డ తోక నేలకు సమాంతరంగా, రెండు రెక్కలూ ఒకే ఎత్తులో కనపడాలి. ఒక రెక్క పైభాగం ఎక్కువ, ఇంకోదాని కిందిభాగం ఎక్కువ కనిపిస్తే రెక్క మెలితిరిగినట్టు. వేళ్లతో పట్టి ఎదురు మెలి తిప్పండి. ఎగరేసే ప్రతిసారీ ముందు ఇలా చూసుకోవాల్సిందే, ఎందుకంటే నేలను తాకిన ప్రతిసారీ ఏదో ఒకటి కదులుతుంది.

తూకం: విమానం ఇక్కడే అవుతుంది, ఇక్కడే పోతుంది

రెక్క ముందు అంచు నుంచి 1.5 సెంటీమీటర్లు వెనక్కి, మొండేనికి రెండు పక్కలా రెక్క అడుగున పెన్సిలుతో రెండు చుక్కలు పెట్టండి. ఆ చుక్కల కింద రెండు వేళ్ల కొసలు ఆనించి విమానాన్ని ఎత్తండి. బడి పుస్తకాల్లో గరిమనాభి అని చదివింది, అంటే బరువంతా సమంగా తూగే చోటు, అక్కడ పడాలి. విమానం సమంగా నిలబడాలి, లేదా ముక్కు రవ్వంత దిగాలి.

పై కొలతలతో చేస్తే మొదట తోక కిందికి వాలుతుంది, కంగారుపడక్కర్లేదు. ముక్కుకు ఒక జెమ్ క్లిప్పు తొడగండి. చాలకపోతే రెండోది. క్లిప్పు సైజును బట్టి ఒకటో రెండో పడతాయి. సమంగా నిలిచాక సెలోటేపు ఒక చుట్టు చుట్టండి, లేకపోతే మొదటి విసురుకే క్లిప్పు ఒకపక్క, విమానం ఒకపక్క పోతాయి.

తూకం కుదరకుండా తోక వంచి సరిచేద్దామని మాత్రం దిగకండి. వెనక బరువున్న విమానం తోక ఎంత వంచినా ఒకసారి పైకి లేస్తుంది, ఒకసారి కింద పడుతుంది, ఏ రెండు విసుర్లూ ఒకేలా పోవు.

ఎప్పుడు, ఎక్కడ

తెల్లవారి ఆరు నుంచి ఎనిమిది లోపు. నెల్లూరైనా ఒంగోలైనా పొద్దెక్కేకొద్దీ తూర్పు నుంచి సముద్రపు గాలి అందుకుంటుంది. నడి ఎండాకాలంలో పడమటి వడగాలి దాన్ని ఆపినా, ఆ గాలిలో ఐదారు గ్రాముల అట్టముక్క నిలబడదు. మైపాడుకో కొత్తపట్నానికో పోయినప్పుడు విమానం పట్టుకెళ్దామని పిల్లలు గొడవ చేస్తారు. బీచిలో గాలి ఆగదు, ఇసుక తడి, తీసుకెళ్లకపోవడమే మేలు.

నెల్లూరులో వీఆర్సీ గ్రౌండు లాంటి చోట పొద్దున్నే వాకింగ్ వాళ్లు, క్రికెట్టు పిల్లలు ఉంటారు. ఒక వార చూసుకోండి. పల్లెల్లో మార్చి, ఏప్రిల్‌లలో వరి కోతలయ్యాక కయ్యలు ఖాళీగా ఉంటాయి, వాటిని మించిన మైదానం లేదు. మోళ్ల మీద పడితే ముక్కు నలగదు. సంక్రాంతి సెలవుల్లో మాత్రం గడ్డి మీద మంచు ఆరేదాకా ఆగాలి, ఒక్కసారి తడిసిన రెక్క మళ్లీ పూర్వంలా కాదు. వానాకాలమైతే బడి వరండాయే గతి. మొదటి తూకానికి నిజానికి అదే నయం, గాలి అడ్డురాదు.

మెల్లగా వదలడం

రెక్క కింద మొండేన్ని బొటనవేలు, చూపుడువేలితో పట్టుకోండి. గాలికి ఎదురుగా నిలబడి, ముక్కు కొద్దిగా కిందికి చూపించి, పక్కవాళ్లకు పుస్తకం అందించినట్టు ముందుకు నెట్టి వదలండి. విసరొద్దు. ఆరేడు మీటర్లు తిన్నగా జారి బొజ్జ మీద దిగితే తూకం కుదిరింది.

దాదాపుగా మొదటిసారి కుదరదు. "ఏందన్నా, ముక్కు నేలకేస్తా ఉంది" అని పక్కనున్న పిల్లోడు అంటాడు. అడ్డ తోక వెనక అంచును రెండువైపులా అర మిల్లీమీటరు పైకి వంచండి. పైకి వంచిన తోకను గాలి కిందికి నొక్కుతుంది, తోక దిగితే ముక్కు లేస్తుంది. ఇంకా నేలకేస్తే ఇంకో అర మిల్లీమీటరు. రెండు మిల్లీమీటర్లు వంచినా లేవకపోతే ముక్కు బరువు ఎక్కువైందన్నమాట, చిన్న క్లిప్పుకు మార్చండి.

వదలగానే ముక్కు పైకెత్తి, గాల్లో ఒక క్షణం ఆగి, దబ్బున కిందికి పడి, మళ్లీ లేస్తుంటే అది ఎదురు రోగం. రెక్క మరీ ఎక్కువ కోణంలో గాలికి ఎదురై, పైనున్న గాలి దాని ఒంపు వదిలేసి చెదిరిపోతోంది. తోక వంపు తగ్గించండి. తగ్గించినా ఆగకపోతే వేళ్ల మీద తూకం మళ్లీ చూడండి.

ఒక పక్కకు తిరిగిపోతుంటే వెంటనే నిలువు తోక మీద పడకండి. ముందు ఒంటి కంటితో రెక్క మెలి చూడండి, పదింట తొమ్మిదిసార్లు అక్కడే ఉంటుంది. మెలి లేకపోయినా ఎడమకే పోతుంటే నిలువు తోక వెనక అంచును కుడికి అర మిల్లీమీటరు వంచండి, కుడికి పోతుంటే ఎడమకు.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. తోక వంచి, క్లిప్పు జరిపి, రెక్క నిమిరి వదిలితే బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. ఒక మార్పు, రెండు మూడు వదుళ్లు, మళ్లీ చూడటం. పిల్లలకు ఈ ఓపిక నేర్పడం విమానం చేయడంకన్నా కష్టం, అందుకే ఇద్దరు పిల్లలుంటే రెండు విమానాలు చేయండి.

ఎత్తుకు విసరడం

మెల్లగా జారేది కుదిరాకే దీనికి రావాలి. గట్టిగా విసరగానే విమానం గుండ్రంగా పల్టీ కొట్టి మీ కాళ్ల దగ్గరే పడొచ్చు. వేగం రెట్టింపైతే వంచిన తోక మీద గాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది. మెల్లగా పోయేటప్పుడు సరిపోయిన వంపు అప్పుడు మితిమీరుతుంది. మందు ఏమిటంటే తోక వంపు కొంచెం తగ్గించి, ముక్కు బరువు కూడా కొంచెం తగ్గించడం. రెండూ కలిపి చేయాల్సింది ఇక్కడొక్కచోటే.

కుడిచేతి వాటం వాళ్లు విమానాన్ని కుడివైపు ఒరిపి, ఏటవాలుగా పైకి విసరాలి. అది కుడికి వంపు తిరుగుతూ ఎక్కి, పైన వేగం తగ్గాక ఎడమకు పెద్ద చుట్లు తిరుగుతూ దిగేలా నిలువు తోకను రవ్వంత ఎడమకు వంచి ఉంచండి. ఎడమచేతి వాళ్లకు అన్నీ తిరగేయాలి. తిన్నగా పోయే విమానం గోడ దాటి పక్కింటి డాబా ఎక్కుతుంది, చుట్లు తిరిగేది మన దగ్గరే దిగుతుంది. అయినా రెక్క అడుగున ఫోన్ నంబరు రాసి ఉంచితే నష్టం లేదు.

తొమ్మిది గంటలకు నేల వేడెక్కి, పైన గద్దలు రెక్క కొట్టకుండా చుట్లు తిరుగుతుంటే అక్కడ వేడిగాలి పైకి లేస్తోందని గుర్తు. గాలి ఇంకా అందుకోకపోతే అటే విసిరి చూడండి. ఒక్కోసారి దిగాల్సింది దిగకుండా అక్కడే తిరుగుతూ ఉండిపోతుంది.

రబ్బరు బ్యాండుతో వదలాలంటే ముక్కుకు రెండు సెంటీమీటర్లు వెనక, కింది అంచున వెనక్కి వాలిన చిన్న గాటు కోసి, ఐస్‌క్రీం పుల్లకు కట్టిన రబ్బరును దానికి తగిలించి తోక పట్టి లాగాలి. దీనికి ముక్కు క్లిప్పు తీసేసి, అదే బరువుకు శుభలేఖ అట్ట పొరలు అతికించాలి. ఆ వేగంతో ఇనుము కంటికి తగిలితే ప్రమాదం. ఎదురుగా ఎవరూ ఉండకూడదు, ముక్కు గుండ్రంగానే ఉండాలి.

పని అయ్యాక విమానాన్ని గోడకు ఆనించొద్దు, రెక్క కిందికి వేలాడేలా మేకుకూ తగిలించొద్దు. చెప్పుల పెట్టెలో రెక్కలు దేనికీ తగలకుండా పెట్టి మూత వేయండి. ఇదే విమానం ఒకటిన్నర రెట్లు పెద్దది చేయాలంటే కొలతలన్నీ ఒకటిన్నరతో హెచ్చవేసి, 250 జీఎస్ఎం అట్ట తీసుకోండి. దన్ను ముక్కను మాత్రం రెక్కలో సగం పొడవుకు పెంచి, దాని మీద సగం పొడవుది ఇంకొకటి వేయండి.